పాత పికప్ కొనేవారికి హెచ్చరిక: ఖాళీ బండి సమంగా నిలబడిందని అడ్వాన్సు ఇవ్వకండి

అప్పు తెచ్చి పాత పికప్ కొని, దాని మీదే బతుకుదామని చూస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. నేను కొన్న బండి యార్డులో ఎటూ ఒరగకుండా నిలబడి ఉంది. నిజానికి దాని ఎడమ వెనక కమాను (బండి బరువును మోసే ఉక్కు పట్టీల కట్ట) పట్టీ పగిలిపోయి ఉంది. ఆ ఒరుగు కనబడకుండా ముందు చక్రం దగ్గర సర్దుబాటు చేసి నాకు అమ్మారు.

మాది మదనపల్లె దగ్గర పల్లె. టమాటా రోజుల్లో మార్కెట్టు నుంచి చెన్నైకి బాడుగలకు కొదవ ఉండదని ధైర్యం చేసి, ఒక పాత బండ్ల యార్డులో 2017 నాటి పికప్‌ను 4,35,000 రూపాయలకు తీసుకున్నాను. యజమాని వంగి కింద కూడా చూపించాడు. కమాన్లకు కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంది. బండిని బాగా చూసుకున్నారని సంతోషించాను. బండికంతా పాత రంగు ఉండి కమాన్లకు మాత్రమే కొత్త రంగు కనిపిస్తే అక్కడే ఆగండి. ఎందుకు వేశారో అడగండి. ఖాళీ బండిని నడిపి చూసినప్పుడు బ్రేకు వేస్తే కొంచెం పక్కకు లాగింది. టైర్లలో గాలి తేడా అన్నాడు. నమ్మాను.

మొదటి లోడు 45 క్రేట్లు. ఒక్కోటి 25 కిలోల లెక్కన 1,125 కిలోలు. ఆ బండి మోయగలిగిన దానికన్నా తక్కువే. కాటా దగ్గర ఒక హమాలీ చూసి, "అన్నా, బండి ఎడమకు ఒరిగింది, చూసుకో" అన్నాడు. క్రేట్లు సరిగా పేర్చలేదేమో అనుకుని దింపించి మళ్లీ ఎక్కించాం. అయినా అంతే. బండి నా బావమరిది తోలుతున్నాడు. ఊరు దాటాక రెండో మలుపులోనే వెనక టైరు మడ్‌గార్డుకు రాసుకుని రబ్బరు కాలిన వాసన వచ్చింది. ఇద్దరు పిల్లల తండ్రి అతను. అక్కడే ఆపేయించి సరుకును వేరే బండిలోకి మార్చాం. ఆ రోజు బాడుగ పోయిందన్న బాధ నాకు లేదు.

ఆ తర్వాత జరిగింది కూడా మీకు తెలియాలి, ఎందుకంటే డబ్బు అక్కడ కూడా పోతుంది. మొదట చూసిన మెకానిక్ వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చి 5,400 తీసుకున్నాడు. బరువు వేసి చూస్తే ఒరుగు వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. తగ్గదు కూడా. షాక్ అబ్జార్బరు పని బండి ఎగిరెగిరి ఊగకుండా ఆపడమే. బరువును మోసేవి కమాన్లు, కాయిల్ స్ప్రింగులు, టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు). ఒరిగిన బండిని చూడగానే షాకులు మార్చమనే వారిని, ఏం కొలిచి చెబుతున్నారని అడగండి. టైర్ల షాపులో మాత్రం సరైన పనే చేశారు. నాలుగింటిలో గాలి సరిచూసి, సైజులు ఒకటేనా అని చదివి, ఎడమ టైరును కుడికి, కుడిదాన్ని ఎడమకు మార్చి, బరువుతో చూశారు. ఒరుగు టైరుతో పాటు అటు మారలేదు కాబట్టి టైర్ల తప్పు కాదని తేలింది.

చివరికి చిత్తూరులో కమాన్లు కట్టే ఒక పెద్ద మేస్త్రీ దగ్గరకు వెళ్లాను. ఆయన ముందు నేల సమంగా ఉందో లేదో చూశాడు, తాపీ పనివాళ్లు మట్టం చూసే నీళ్ల గొట్టంతో. ఆ తర్వాత ఒక్కో చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపు పట్టి కొలిచాడు. కుడికీ ఎడమకూ అర సెంటీమీటరు తేడా కూడా రాలేదు. నేను నిరాశపడ్డాను. ఆయన మాత్రం ముందు భాగంలో రెండు చక్రాలకు సరిగ్గా మధ్యన, అడ్డ దూలం కింద జాకీ పెట్టి, ముందు చక్రాలు రెండూ నేల విడిచేదాకా లేపాడు. అప్పుడు నా కళ్ల ముందే బండి వెనక ఎడమకు కుంగింది. మళ్లీ కొలిస్తే తేడా మూడున్నర సెంటీమీటర్లు.

ఆయన చెప్పింది ఇది. ముందు భాగం మధ్యలో ఒకే చోట ఆనినప్పుడు ముందు స్ప్రింగులు బండిని నిలబెట్టలేవు. అప్పుడు కనబడే ఒరుగు వెనక కమాన్లదే. ముందు భాగం లేపగానే ఒరుగు మాయమైతే తప్పు ముందు వైపు ఉన్నట్టు. మా బండికి ముందు టార్షన్ బార్లు ఉన్నాయి. వాటితో బండి ఎత్తు సర్దే బోల్టు కుడి వైపు పాత తుప్పుతో ఉంటే, ఎడమ వైపుది ఏడెనిమిది చుట్లు ఎక్కువ బిగించి, మరలు మెరుస్తున్నాయి. ఎడమ ముందు మూలను పైకి నెట్టి, ఎడమ వెనక కుంగుడును కప్పిపెట్టారన్న మాట. బండి ఖాళీగా ఉన్నంతసేపు ఆ కప్పిపుచ్చడం నిలుస్తుంది. వెనక బరువు పడితే నిలవదు.

కమాను కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు విప్పి కట్ట ఊడదీశాడు. అన్నిటికన్నా పొడవైన మెయిన్ పట్టీ, కట్టను మధ్యలో కలిపే సెంటర్ బోల్టు రంధ్రం పక్కన సగం దాకా పగిలి ఉంది. రెండో పట్టీని వెల్డింగు చేశారు. కమాను ఉక్కును కాల్చి, చల్లార్చి పదును (స్ప్రింగులా వంగి నిలిచే గట్టిదనం) ఎక్కిస్తారు. వెల్డింగు వేడికి ఆ పదును పోయి, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. ఆ పని చేసినవాడికి ఇది తెలియదంటే నేను నమ్మను. మెయిన్ పట్టీ పూర్తిగా తెగి ఉంటే ఇరుసు పక్కకు జరిగి బండి చేతిలో ఉండేది కాదు.

మీరు కొనేముందు ఈ జాకీ పరీక్ష చేయించండి. అరగంట పని. యార్డువాళ్లు ఒప్పుకోకపోతే బండి వదిలేయండి. వీలైతే ఇసుక బస్తాలు గానీ, వేరే ఏదైనా బరువు గానీ వేసి మళ్లీ కొలవండి. డ్రైవరు, డీజిలు ట్యాంకు ఒక పక్కన ఉంటాయి కాబట్టి సెంటీమీటరు లోపు తేడాకు కంగారుపడనక్కర లేదు. వెనక నిలబడి రెండు కట్టల వంపు, షాకిళ్ల (కమాను చివరను ఛాసిస్‌కు తగిలించే ఊగే లింకుల) వాలు పోల్చండి. ఒక వైపు పట్టీల సంఖ్య ఎక్కువగా ఉంటే ఎందుకో తెలియాలి. కమాను బ్రాకెట్ల దగ్గర ఛాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) పగుళ్లు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. ఛాసిస్ సమంగా ఉండి తొట్టి మాత్రమే వాలితే అది తొట్టి బోల్టులు, రబ్బర్ల సంగతి, చిన్న ఖర్చు. నీళ్లలోంచి తిన్నగా నడిపించి తడి జాడలు చూడండి. వెనక చక్రాల జాడ ముందు జాడకు ఒక పక్కకు తప్పితే ఇరుసు జరిగిందనో, ఛాసిస్ వంగిందనో అనుమానించాలి.

ఫిట్‌నెస్ పత్రం గడువు ఇంకా ఉందని నేను నిశ్చింతగా ఉన్నాను. ఆ పరీక్ష తర్వాత ఎవరేం చేశారో ఆ కాగితం చెప్పదు.

రెండు వైపులా కట్టలు జంటగా మార్చి, టార్షన్ బార్లు సరిచేయడానికి 26,000 అయింది. యార్డు యజమాని, "ఉన్నది ఉన్నట్లుగా తీసుకున్నావు, కాగితం మీద సంతకం పెట్టావు" అన్నాడు. అలాంటి మాట ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి. వ్యాపారానికి కొన్న వస్తువులకు వినియోగదారుల చట్టం వర్తించదని కొందరు నన్ను ఆపబోయారు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్నవారికి 2019 చట్టంలో మినహాయింపు ఉంది, ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది. నేను జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను.

పగిలిన పట్టీ, వెల్డింగు పట్టీ రెండూ నా దగ్గరే భద్రంగా ఉన్నాయి. మేస్త్రీ విప్పుతున్నప్పుడు ఫోనులో వీడియో కూడా తీశాను.