ఎర్ర జిలెటిన్ కాగితం: ఆరేళ్ళుగా నా జేబులో

ఆరేళ్ళుగా నా చొక్కా జేబులో ఒక చిన్న ఎర్ర కాగితం ఉంటోంది. కానుకల పొట్లాలకు చుట్టే పారదర్శకమైన కాగితమే. స్టేషనరీ కొట్లో జిలెటిన్ కాగితం అని అడిగితే ఇస్తారు. అది ఆకుపచ్చ వెలుగును ఆపాలి. ఒక్క పొరలోంచి కొంత జారి వస్తుంది కాబట్టి రెండు మడతలు వేసి, గుర్తింపు కార్డు తొడుగులో పెట్టుకున్నాను. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా పట్టలేని నా కళ్ళ కోసం ఇంతవరకు చాలా కొన్నాను. వాటిలో దీనంతగా అక్కరకు వచ్చింది ఏదీ లేదు.

వర్ణాంధత్వం అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పను. నాది అందులో డ్యూటెరనామలీ అనే రకం. కంటిలో ఆకుపచ్చను పట్టే శంకు కణాల స్పందన ఎరుపు కణాల వైపు జరిగిపోయింది, అందువల్ల రెండింటి నుంచీ మెదడుకు దాదాపు ఒకే కబురు వెళుతుంది. పసుపు, నీలం నాకు నిండుగా కనిపిస్తాయి. తిప్పలన్నీ ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ రంగుల దగ్గరే.

మాది పల్నాడు. నాన్నకు రెండెకరాల మిరప. చిన్నప్పుడు కోతల రోజుల్లో బడికి సెలవు వస్తే నన్నూ చేలోకి తీసుకువెళ్ళేవారు. నేను కోసిన సాలులో పండుకాయలు చెట్టుమీదే మిగిలిపోయేవి, సంచిలో పచ్చికాయలు పడేవి. ‘చూపు ఎక్కడ పెట్టావురా’ అని నాన్న కేకలు వేసేవారు. విచిత్రం ఏమిటంటే, కల్లంలో తాలుకాయలు ఏరడంలో నేను ఎవరికీ తీసిపోయేవాణ్ణి కాదు. తాలు పాలిపోయి ఉంటుంది, వెలుగులో ఉన్న ఆ తేడా నాకు ఇట్టే తెలుస్తుంది. తాలు ఏరగలిగిన పిల్లవాడికి పండుకాయ కనిపించకపోవడం ఏమిటని ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. బద్ధకం అనుకున్నారు. నేనూ కొన్నాళ్ళు అదే అనుకున్నాను.

అసలు సంగతి నాకు ఇరవై రెండేళ్ళ వయసులో తెలిసింది. అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కి వైద్యపరీక్షకు వెళ్ళాను. రంగు చుక్కల మధ్య అంకెలు దాచిన ఇషిహారా పుస్తకంలో మొదటి పలక మీద 12 చదివాను. అది అందరికీ కనిపించేదే. తరువాతి పలకల్లో 8 ఉన్నచోట 3 అన్నాను, 29 ఉన్నచోట 70 అన్నాను, 74 ఉన్నచోట 21 అన్నాను. ఆ ఉద్యోగానికి వైద్యపరీక్షలో ఏ-1 అర్హత కావాలి, నాకు రాలేదు. ఆ నిబంధన మీద నాకు కోపం లేదు. 1875లో స్వీడన్‌లోని లాగర్లుండా దగ్గర రైళ్ళు ఢీకొన్న తరువాత హోల్మ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త రైల్వే సిబ్బందికి ఉన్ని పోగులతో రంగుల పరీక్ష పెట్టాడు. ఎర్రదీపం ఎర్రగా కనిపించనివాడు ఇంజను నడపకూడదన్నది సబబే. నా బాధల్లా, మిరపచేలో నేను పడిన తిట్లకు కారణం ఆ రోజు వరకు ఎవరూ చెప్పకపోవడమే.

ఇప్పుడు నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. కాంతి పాఠం కోసం తెచ్చిన ఎర్ర కాగితం ఒకటి సంక్రాంతి సెలవుల్లో నా సంచిలో ఊరికి వచ్చింది. పొద్దున్నే చేలో నిలబడి, ఏదో తోచి, దాన్ని కంటికి అడ్డంగా పెట్టుకున్నాను. ఆకులన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి, పండుకాయలు మాత్రం వెలుగుతూ నిలిచాయి. కాగితం దించితే మళ్ళీ అంతా కలిసిపోయింది. ఎత్తాను, దించాను, మళ్ళీ ఎత్తాను. జరిగిందేమిటో భౌతికశాస్త్రం చెప్పేవాడిగా నాకు క్షణంలో అర్థమైంది. ఎర్ర కాగితం ఆకుపచ్చ వెలుగును ఆపేస్తుంది, ఎరుపును వదులుతుంది, దానితో రంగులోని తేడా వెలుగులోని తేడాగా మారుతుంది. వెలుగు తేడా నా కళ్ళు పట్టగలవు. అర్థమైనా కాసేపు అక్కడి నుంచి కదలలేకపోయాను.

నాన్న వచ్చి ‘ఏమిట్రా అది’ అన్నారు. చెప్పాను. తీసుకుని చూసి, ‘నాకు అంతా ఎర్రగా ఉంది’ అని తిరిగి ఇచ్చారు. తరువాత ఒక చెట్టు చూపించి, ‘దీనికి ఎన్ని పండాయో చెప్పు’ అన్నారు. పద్నాలుగు అన్నాను. వంగి లెక్కపెట్టుకుని తలూపారు. పక్క చెట్టుకు తొమ్మిది, అదీ సరిపోయింది. మూడో చెట్టుకు నేను పదకొండు అంటే ఆయన పన్నెండు అన్నారు. ఒక కాయ ఆకు కింద ఉంది. సాలు చివరి దాకా అలా అడుగుతూనే వచ్చారు. పాత తిట్ల సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మధ్యాహ్నం అన్నం దగ్గర మాత్రం అమ్మతో, ‘వీడికి అప్పట్లో నిజంగానే కనిపించేది కాదట’ అన్నారు.

ఈ కాగితానికి ముందు రెండేళ్ళు ఖరీదైన కళ్ళద్దాలు వాడాను. పదిహేడు వేలు పెట్టాను. ఎరుపు, ఆకుపచ్చ కణాల స్పందన ఎక్కువగా కలిసిపోయే చోట వెలుగును కొంత కోసేసే అద్దాలవి. ఎండలో తురాయి పూలు కొంచెం విడిగా కనిపించిన మాట నిజం, ఆ మొదటివారం అందరికీ వాటి గురించి గొప్పగా చెప్పాను. ఆ మాటను ఇప్పుడు సవరించుకోవాలి. సాయంత్రమైతే అవి కళ్ళకు చీకటి తప్ప ఏమీ ఇవ్వవు. అప్పటిదాకా సరిగా చెప్పగలిగిన కొన్ని లేత రంగులు వాటితో తప్పాయి. 2018లో స్పెయిన్‌లోని గ్రనడా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇటువంటి అద్దాలను పరీక్షించి, వాటితో కొత్త రంగులేవీ కనిపించవని తేల్చారు. నా అనుభవమూ అదే.

నన్ను బాధపెట్టింది ధర కాదు, అమ్మినవారు చూపించిన ప్రదర్శన. కళ్ళద్దాలు పెట్టి ఇషిహారా పలక చూపించారు, 74 కనిపించింది, నా కళ్ళు బాగుపడినట్లు మాట్లాడారు. ఇంటికి వచ్చిన చాలా రోజుల తరువాత ఈ పది రూపాయల కాగితంతో చూస్తే అదే 74 కనిపించింది. ఇషిహారా 1917లో ఆ పలకలను చేసినప్పుడు చుక్కల వెలుగును కావాలనే కలగలిపారు, వెలుగును బట్టి అంకెను ఊహించే దారి లేకుండా, రంగుతోనే అది తెలియాలని. మధ్యలో వడపోత పెడితే ఆ జాగ్రత్త చెదిరిపోతుంది, వెలుగు తేడా బయటపడుతుంది. అంకె చదివినంత మాత్రాన రంగు చూసినట్లు కాదు. ఉద్యోగ పరీక్షకు రంగు లెన్సులు పెట్టుకుని వెళ్ళమని సలహా ఇచ్చేవారు కనిపిస్తే దయచేసి వినకండి. పలక గట్టెక్కినా పట్టాల పక్కన దీపం మారదు.

కాగితం మోసం చేసిన రోజు కూడా ఉంది. మా బావమరిది పెళ్ళికి మా ఆవిడ పట్టుచీర మీదకు ముదురు ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ కావాలంది. నేను ఒక్కణ్ణే మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్ళాను. అంతకుముందు నాలుగేళ్ళు కాగితం ఒక్కసారీ తప్పలేదు, ఆ ధీమాతో ఎవరినీ అడగలేదు. గుడ్డ మీద కాగితం పెట్టి చూశాను. నల్లగా కనిపించింది. నల్లబడితే ఆకుపచ్చ అన్నది నా లెక్క. కొట్టు కుర్రాడు ‘ఇదేనా సార్’ అని అడిగితే అదే అన్నాను. ఇంట్లో పొట్లం విప్పగానే ఆవిడ, ‘ఇది మెరూన్ అండీ’ అంది. కోసిన గుడ్డ వెనక్కి తీసుకోరు. ముహూర్తం మర్నాడే.

తప్పు ఎక్కడ జరిగిందో తరువాత కూర్చుని ఆలోచించాను. కొట్టులో తెల్లని ఎల్‌ఈడీ దీపాలు. వాటి వెలుగులో ముదురు ఎరుపు భాగం చాలా తక్కువ. మెరూన్ గుడ్డ తిరిగి పంపగలిగేది ఆ భాగాన్నే. అసలు లేని వెలుగును అది ఎలా పంపుతుంది? అందుకే అదీ ఆకుపచ్చలాగే నల్లబడింది. అప్పటి నుంచి గుడ్డను ఎండలోకి తీసుకువెళ్ళకుండా ఏమీ కొనను. ఒక్కసారి చూసి తేల్చను. పక్కన తెల్ల కాగితం పెట్టి, ముందు మామూలు కంటితో, తరువాత ఎర్ర కాగితంతో చూస్తాను. తెలుపుతో పోలిస్తే ఏది ఎంత నల్లబడిందో గమనిస్తాను. ఇంత చేసినా ముదురు రంగులైతే పక్కవారిని అడుగుతాను.

కాబట్టి కాగితం ఆరేళ్ళలో ఈ ఒక్కసారే తప్పిందని నేను అంటే, అది కూడా పూర్తిగా నిజం కాకపోవచ్చు. ఎవరూ పట్టుకోని తప్పులు ఎన్ని చేశానో నాకెలా తెలుస్తుంది? సంతలో ఎర్ర గోంగూర కాడను తెల్ల గోంగూర కాడ నుంచి ఇది పగటిపూట బాగానే విడదీస్తుంది. ఛార్జరు మీద దీపం ఎరుపో ఆకుపచ్చో చెబుతుంది, ఎందుకంటే ఆకుపచ్చ దీపం దాదాపు మాయమవుతుంది. నారింజ దీపం మాత్రం ఎరుపులాగే కనిపిస్తుంది. తెల్ల జవాబుపత్రం మీద ఎర్ర సిరా అసలే కనిపించదు. బండి నడిపేటప్పుడు దీన్ని ముట్టుకోను, ముట్టుకోకూడదు. కూడలిలో ఏ దీపం పైన, ఏది కింద అన్నది చాలు. 2020 జూన్‌లో కేంద్రం నిబంధన మార్చాక స్వల్ప, మధ్యస్థ స్థాయి లోపం ఉన్నవారికి లైసెన్సు ఇస్తున్నారు. ఆహార పొట్లాల మీద మాంసాహార గుర్తును గోధుమరంగు చుక్క నుంచి త్రికోణానికి మార్చడం నాకు వీటన్నిటికంటే ఎక్కువ సంతోషం కలిగించింది. ఆకారం మార్చాక అక్కడ ఏ కాగితమూ అక్కరలేదు.

కొనమని చెబుతానా? నాలాంటి కళ్ళయితే, పగటిపూట పనులయితే, చెబుతాను. కాని ఎరుపు కణాల్లోనే లోపం ఉన్నవారికి ఎరుపు మామూలుగానే మసకగా ఉంటుంది. వారికి ఎర్ర వడపోత పెడితే అంతా చీకటి కావచ్చు, వారి తరఫున నేను మాట్లాడలేను. చొక్కాతో పాటు ఒకసారి ఉతుకులో పడితే కాగితం పాడవుతుంది, రంగు కూడా వెలిసిపోతుంది. నేను ఏటా సంక్రాంతికి కొత్తది మారుస్తాను.

ఈ మధ్య మా చెల్లెలి కొడుకు బడిలో నేరేడుపండ్లకు నీలం రంగు వేశాడట. ఈ లోపం తల్లి వైపు నుంచి మగపిల్లలకు వస్తుంది కాబట్టి చెల్లెలు వెంటనే నాకు ఫోను చేసి, ‘అన్నయ్యా, నీ కాగితం ఒకటి వీడికీ పంపవా’ అని అడిగింది. ఇంకా పంపలేదు. వచ్చే వారం వాణ్ణి కంటి వైద్యుడి దగ్గరకు తీసుకువెళుతున్నాం. ఏ రకమో ముందు తెలియనీ.