కింగ్‌స్టన్ కారొనేషన్ మార్కెట్: కూరలకు వెళ్లి చీటీ లెక్కలు వినొచ్చాను

జమైకాలో ఉన్నన్నాళ్లూ శనివారం పొద్దున్నే కూరలు తెచ్చుకుంది ఇక్కడే. జనం ఎక్కువ, దారులు ఇరుకు, మంచి చెప్పులు మాత్రం వేసుకెళ్లకండి. సరుకు తాజా. ట్రెలానీ వైపు నుంచి వచ్చే పసుపురంగు పెండలం అడ్డంగా కోసి, లోపల రంగు చూపించి మరీ ఇస్తారు. స్కాచ్ బొనెట్ మిరపకాయ సగం వేస్తే చాలు, నా మాట వినండి.

అమ్మేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, హిగ్లర్లు అంటారు. బానిసత్వం రోజుల్లో బానిసలు చిన్న చిన్న నేల చెక్కల్లో పండించుకున్నది ఆదివారం సంతల్లో అమ్ముకునేవాళ్లు, అప్పటి నుంచి వస్తున్న వ్యాపారం ఇది. 2010 మేలో దగ్గర్లోని టివోలీ గార్డెన్స్ అనే పేటలో జరిగిన గొడవల్లో మార్కెట్ తగలబడితే, బాగుచేశాక మళ్లీ వచ్చి కూర్చున్నారు.

నేను కొనే ఆవిడ ఏప్రన్‌కి రెండు జేబులు. ఒకటి గిరాకీ డబ్బులకి, రెండోది 'పార్ట్‌నర్'కి, ముట్టుకోదు. అచ్చం మన చీటీలాంటిదే: వారంవారం అందరూ ఒకే మొత్తం వేస్తారు, వంతు వచ్చినవాళ్లు మొత్తం తీసుకుంటారు, వడ్డీ లేదు, కాగితం లేదు. పిల్లల యూనిఫాం, స్కూలు ఖర్చు దాంట్లోంచే అంది, వెనక అట్టపెట్టెలో మనవరాలు నిద్రపోతుంటే.

ఒక బండి దగ్గర మాత్రం సంచి అడుగున మూడు మెత్తబడ్డ టమాటాలు వేశారు, ఇంటికెళ్లాక గానీ చూసుకోలేదు, తప్పు నాదే. చిల్లర జమైకన్ డాలర్లు పట్టుకెళ్లండి, పెద్ద నోటు ఇస్తే చిల్లర కోసం పక్క నాలుగు కొట్లు తిరగాల్సిందే.