టైమింగ్ బెల్టు సెట్టింగ్: వైట్నర్ గీతలా, లాకింగ్ పిన్నులా? ఏది మేలు?

డస్టర్ డీజిల్ వాడే ఫ్రెండ్స్ ఈ మధ్య వరసగా ఇదే అడుగుతున్నారు, టైమింగ్ బెల్టు (పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టునీ, వాల్వుల్ని తెరిచే కామ్ షాఫ్టునీ జత కలిపి తిప్పే పళ్ళ బెల్టు) కొత్తది వేయించినా పికప్ రావట్లేదు, చెక్ ఇంజన్ లైటు మళ్ళీ వెలుగుతోంది, స్కానర్ పెడితే పి0016 (క్రాంక్, కామ్ పొజిషన్లు ఒకదానికొకటి కుదరట్లేదనే కోడ్) వస్తోంది, ఏం చేయాలి అని. నా బండికీ అచ్చం ఇదే అయింది, 8 నెలల్లో రెండుసార్లు బెల్టు మార్పించి మస్తు పరేషాన్ అయ్యా, అందుకే అంతా ఒకచోట రాస్తున్నా.

మన షెడ్లలో ఎక్కువగా నడిచేది వైట్నర్ పద్ధతి. పాత బెల్టు విప్పకముందే గేర్ల మీదా బెల్టు మీదా గీతలు పెట్టి, పళ్ళు లెక్కపెట్టి అవే గీతలు కొత్త బెల్టు మీదికి దించి ఎక్కించేస్తారు. ఇది పనికిరాదని అనను, ప్రత్యేకంగా టూల్స్ అక్కర్లేదు, పని తొందరగా అయిపోతుంది, చేయి తిరిగిన ఉస్తాద్ చేస్తే ఏళ్ళ తరబడి ఏ గొడవా లేని బండ్లు బోలెడున్నాయి. కానీ పాత బెల్టు కరెక్ట్‌గా కూర్చుని ఉంటేనే. అది అప్పటికే ఒక పన్ను తప్పి ఉంటే ఆ తప్పునే జాగ్రత్తగా లెక్కపెట్టి కొత్త బెల్టుకి ఎక్కించినట్టు. నా బండికి రెండోసారి జరిగింది ఇదే.

ఒక్క పన్నే కదా అనుకోకండి. కామ్ గేర్‌కి 40 పళ్ళు అనుకుంటే ఒక పన్ను అంటే 9 డిగ్రీలు, క్రాంక్ రెండు రౌండ్లకి కామ్ ఒక్క రౌండే తిరుగుతుంది కాబట్టి క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు. ఇంకా జారితే ఈ ఇంజన్‌లో పిస్టన్లు వాల్వుల్ని కొడతాయి, ఇక హెడ్ (వాల్వులుండే ఇంజన్ పై భాగం) విప్పాల్సిందే.

మూడోసారి లాకింగ్ పిన్నులు వాడే వేరే ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్ళా. ఆయన బెల్టు ముట్టుకోకముందే ఇంజన్ బ్లాకు పక్కన రంధ్రానికున్న మూత బోల్టు తీసి అందులో పిన్ను బిగించాడు, క్రాంక్‌ని నెమ్మదిగా తిప్పితే దానికి ఆనుకుని ఆగింది. రెండో పిన్ను కామ్ గేర్ రంధ్రంలోంచి హెడ్‌లోకి దూరాలి, దూరలేదు. "ఇటు చూడన్నా" అని టార్చ్ కొట్టి చూపించాడు, గేర్ రంధ్రం వెనక హెడ్ రంధ్రం నెలవంకలాగా సన్నగా కనపడుతోంది, మిగతాదంతా ఇనుమే.

నా దృష్టిలో తేల్చేది ఇదే, చెక్ చేసుకునే వీలు. బెల్టు ఎక్కించాక పిన్నులు తీసి, పానాతో క్రాంక్‌ని ఇంజన్ తిరిగే వైపే రెండు రౌండ్లు చేత్తో తిప్పి, పిన్నులు మళ్ళీ పెట్టి చూడొచ్చు. నా బండికి అప్పుడు కామ్ పిన్ను వేలితో నెడితే లోపలికి వెళ్ళిపోయింది. వైట్నర్‌తో ఈ పని కాదు, రెండు రౌండ్లు తిప్పగానే బెల్టు మీది గీతలు ఎక్కడికో పోతాయి, ఇక దేనితో పోల్చి చూస్తారు? ఒక్క జాగ్రత్త, పిన్నులు ఉన్నవి పొజిషన్ చూసుకోడానికే, వాటి బలం మీద క్రాంక్ బోల్టు విప్పితే పిన్ను వంగుతుంది, విరగొచ్చు కూడా.

సెన్సర్ మార్చడం, కోడ్ క్లియర్ చేయించడం కూడా అడుగుతున్నారు. సెన్సర్, వైరింగ్ పాడైతే ఇదే కోడ్ రావచ్చు నిజమే, కానీ బెల్టు మార్చాకే మొదలైతే ముందు టైమింగే చూడండి. ఊరికే క్లియర్ చేస్తే తప్పు అలాగే ఉంటుంది. బెల్టుతో పాటు టెన్షనర్ (బెల్టుని బిగువుగా ఉంచే రోలర్), వాటర్ పంపు ఎలాగూ మార్చాలి.

పిన్నుల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్తే బండి పేరు ఒక్కటే చెప్పకండి, 1.5 డీజిల్ కె9కె అని ఇంజన్ పేరు చెప్పండి. డస్టర్ 1.6 పెట్రోల్‌కి కామ్ లాక్ చేసే టూల్ వేరే ఉంటుంది, అది దీనికి పట్టదు.