నాలుగేళ్లు వాడాక మా సర్వో డ్రైవ్: ట్రేస్ ఉండబట్టే బతికిపోయాం

సర్వో డ్రైవ్ అంటే మోటారును చెప్పిన చోటికి, చెప్పిన వేగంతో కచ్చితంగా నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె. దాని స్పెసిఫికేషన్ల జోలికి పోను. 750 వాట్ల డ్రైవ్ ఏది తీసుకున్నా కాగితం మీద దాదాపు ఒకేలా కనిపిస్తుంది. మాది పైకీ కిందికీ కదిలే నిలువు యాక్సిస్, మోటారుకు 24 వోల్టుల హోల్డింగ్ బ్రేక్ ఉంది: కరెంటు ఉన్నంతసేపు వదిలి ఉంటుంది, కరెంటు పోగానే లోడు జారకుండా పట్టుకుంటుంది. నాలుగేళ్ల తర్వాత కూడా ఈ డ్రైవ్ మీద నాకింత అభిమానం ఉండటానికి కారణం ఒక్కటే, అందులో ఉన్న ట్రేస్, అంటే వేగం లాంటి సిగ్నళ్లను క్షణక్షణం గీతలుగా రికార్డు చేసే సదుపాయం.

కొత్తలో నేను పొగిడింది మాత్రం ఆటో ట్యూనింగ్‌ని. బటన్ నొక్కగానే మోటారు అటూ ఇటూ తిరిగి, లోడు ఎంతుందో అంచనా వేసుకుని, గెయిన్లు (తేడా వస్తే ఎంత గట్టిగా సరిదిద్దాలో చెప్పే అంకెలు) తనే పెట్టేసుకుంది. ఆ పొగడ్తను ఇప్పుడు కాస్త తగ్గించుకోవాలి. ఆ రోజు యాక్సిస్ ఖాళీగా ఉంది. పూర్తి లోడు ఎక్కించాక ఆగాల్సిన చోట రెండుసార్లు ఊగి నిలబడేది. లోడుతోనే మళ్లీ ట్యూన్ చేస్తే, ఖాళీగా నడిచేటప్పుడు సన్నగా మూలగడం మొదలైంది. చివరికి గెయిన్లు మధ్యస్థంగా చేత్తోనే పెట్టి, ఆ మూలుగు ఫ్రీక్వెన్సీ దగ్గర నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని అణిచేది) వేశాం. ఆ ఫ్రీక్వెన్సీ దొరికింది కూడా ట్రేస్‌లోనే.

అసలు కథ ఎనిమిదో నెలలో మొదలైంది. ఎన్‌కోడర్ కమ్యూనికేషన్ అలారం, అంటే మోటారు ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్ నుంచి డ్రైవ్‌కు సమాచారం సరిగా రావడం లేదని. మూడు రోజులు రాదు, నాలుగో రోజు ఒకే షిఫ్టులో మూడుసార్లు వస్తుంది. రీసెట్ చేస్తే ఏమీ జరగనట్టు నడుస్తుంది. కేబుల్ వంగి వంగి లోపల తీగ తెగుతోందనుకుని ఎన్‌కోడర్ కేబుల్ మార్చాం. మళ్లీ వచ్చింది. బయటి విద్యుత్ గోల లోపలికి రాకుండా కేబుల్ చుట్టూ ఉండే లోహపు తొడుగును, అంటే షీల్డును, తీగలా మెలిపెట్టి కట్టడం మానేసి, చుట్టూ ఆనేలా క్లాంపుతో ఎర్త్ చేశాం. కొంచెం తగ్గింది, పోలేదు. స్పేర్ మోటారు బిగించాం. నాలుగో రోజు అదే అలారం!

అప్పుడు ట్రేస్ పెట్టి కూర్చున్నాను. అలారం రాగానే రికార్డు ఆగాలి, రికార్డులో 80 శాతం అలారానికి ముందు జరిగిందే ఉండాలి. వేగం, టార్క్ (మోటారు తిప్పే బలం), బ్రేక్‌కు వెళ్లే అవుట్‌పుట్ ఈ మూడూ చాలనుకున్నాను. మూడు అలారాలు పట్టుబడ్డాయి. మూడింటిలోనూ వేగం సున్నా. అంటే కేబుల్ వంగడానికీ దీనికీ సంబంధమే లేదు. మూడింటిలోనూ బ్రేక్ అవుట్‌పుట్ పడిపోయిన కొద్ది మిల్లీసెకన్లకే అలారం. ఆ మూడు గీతలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకున్న క్షణం నాకు ఇంకా గుర్తుంది.

బ్రేక్ అంటే ఒక కాయిల్. రిలే దాని కరెంటును ఒక్కసారిగా తెంచితే, కాయిల్‌లో దాచుకున్న శక్తి వందల వోల్టుల స్పైక్‌గా బయటికి తన్నుతుంది. దాన్ని మింగే భాగం ఏదీ మేం పెట్టలేదు. పైగా అలారాలు మొదలయ్యే ముందు వారమే కొత్త సెన్సర్ తీగలు వేస్తూ, బ్రేక్ తీగల్నీ ఎన్‌కోడర్ కేబుల్నీ కలిపి ఒకే కట్టగా బిగించాం. ఆ స్పైక్ పక్కనున్న ఎన్‌కోడర్ సిగ్నల్‌ను చెడగొడుతోందన్నమాట.

ఆ స్పైక్‌ని ఆపడానికి కాయిల్‌కు అడ్డంగా డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) పెట్టాం. అలారం ఆగింది, కానీ సర్వో ఆఫ్ చేసినప్పుడల్లా లోడు కొన్ని మిల్లీమీటర్లు జారడం మొదలైంది. డయోడ్ ఉంటే కాయిల్ కరెంటు మెల్లగా చస్తుంది, బ్రేక్ ఆలస్యంగా పట్టుకుంటుంది. ఆలోగా మోటారు చెయ్యి వదిలేస్తోంది. ఇదీ ట్రేస్‌లోనే కనబడింది. డయోడ్ తీసి వేరిస్టర్ (వోల్టేజ్ హద్దు దాటితేనే స్పైక్‌ని మింగేది, కాయిల్ కరెంటును త్వరగా చావనిస్తుంది) వేశాం, బ్రేక్‌కు ఆదేశం వెళ్లాక మోటారు పట్టు వదిలే ఆలస్యాన్ని పారామీటర్‌లో పెంచాం, కట్టలు విడదీశాం. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆ అలారం మళ్లీ రాలేదు. ఇలాంటి పరీక్షలు చేసేటప్పుడు లోడు కింద దిమ్మ పెట్టండి, బ్రేక్‌ని నమ్మి చెయ్యి మాత్రం పెట్టకండి.

ట్రేస్‌కూ ఒక లోపం ఉంది. పవర్ తీస్తే రికార్డు పోతుంది. అలారం రాగానే మెయిన్ స్విచ్ ఆపేయడం మావాళ్లకు అలవాటు కాబట్టి, మొదటి రెండు రికార్డులు అలాగే పోయాయి. ప్యానెల్ తలుపు మీద కాగితం అంటించాకే పని జరిగింది. స్పైక్‌ని ఆపే భాగం పెట్టమన్న సంగతి మాన్యువల్‌లో వైరింగ్ బొమ్మ మూల చిన్న గుర్తుగా మాత్రమే ఉంది. బ్రేకున్న మోటారుకు అది పెద్ద అక్షరాల్లో చెప్పాల్సిన మాట.

మా దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకుని గంటలకొద్దీ గీతలు చూసే తీరిక నాకు దొరికింది. ఆ తీరిక లేనిచోట, లేదా మామూలు కన్వేయర్ తిప్పడానికైతే, ఇంతకన్నా సాదా డ్రైవ్ సరిపోవచ్చు. రాబోయే మెషిన్‌కు మాత్రం నేను ఇదే అడిగాను. దానిదీ నిలువు యాక్సిసే.