ముందు చక్రాల కారు, వెనక చక్రాల బండి: రెండూ ఏళ్ల తరబడి వాడాక

మాది తిరుపతి, మామిడితోట దామలచెరువు దగ్గర. ముందు చక్రాలతో నడిచే చిన్న హ్యాచ్‌బ్యాక్ పదకొండేళ్లుగా మా దగ్గరుంది. వెనక చక్రాలతో నడిచే ఏడు సీట్ల డీజిల్ బండిని తోట పనికని ఆరేళ్ల కిందట తీసుకున్నాం. కారు కొనేముందు అందరూ మైలేజీ అడుగుతారు. ఇంజన్ బలం ఏ చక్రాలకు పోతుందో కూడా అడిగి తీరాలని ఈ రెండూ నడిపాకే నాకు అర్థమైంది.

హ్యాచ్‌బ్యాక్‌లో ఇంజన్ అడ్డంగా ఉంటుంది, గేర్‌బాక్స్ దాని పక్కనే. అక్కణ్నుంచి రెండు పొట్టి షాఫ్టులు ముందు చక్రాలకు పోతాయి. 1983లో మారుతీ 800 వచ్చింది ఈ పద్ధతిలోనే. అంతకుముందు మనం చూసిన అంబాసిడర్, పద్మిని రెండూ వెనక చక్రాలవే. ఇంజన్ బరువు లాగే చక్రాల మీదే ఉంటుంది కాబట్టి వానలో ఒక్కణ్నే అలిపిరి నుంచి కొండెక్కినా ఎప్పుడూ టెన్షన్ పడలేదు.

తోట దారిలో మాత్రం ఇబ్బంది పెట్టింది. బాట చివర నిటారుగా ఒక ఎర్రమట్టి ఎత్తు ఉంది. ఒక కార్తీకమాసంలో ఐదుగురం ఎక్కి, డిక్కీ నిండా సామాన్లు వేసుకుని పోయాం. సగం ఎక్కేసరికి ముందు చక్రాలు గిర్రున తిరిగాయి, కారు కదల్లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జారుతుంది, ముందు భాగం తేలికవుతుంది. మా తోట కాపలా పెద్దాయన చూసి, "తిప్పుకొని రివర్సులో ఎక్కించు నాయనా" అన్నాడు. అలాగే చేశాను. రివర్సులో లాగే చక్రాలు పల్లం వైపుకొస్తాయి, బరువు వాటి మీదే పడుతుంది. కారు ఒక్క ఊపులో ఎక్కేసింది!

డీజిల్ బండిలో ఇంజన్ బండి పొడవు వెంట ఉంటుంది. బలం పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదుగా వెనక డిఫరెన్షియల్‌కు, అక్కణ్నుంచి చక్రాలకు చేరుతుంది. తోతాపురి కాయల క్రేట్లు వెనక పేర్చుకుని అదే ఎత్తు ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు, ఒక్కసారీ మొరాయించలేదు. ఖాళీగా ఉంటే కథ వేరు. ఒకసారి కాయలు దించేసి వస్తుంటే ఎడమ వెనక చక్రం బురదలో దిగింది. దిగి చూస్తే అదొక్కటే తిరుగుతోంది, కుడి చక్రం నిశ్చలంగా ఉంది. మలుపులో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగడానికి పెట్టిన డిఫరెన్షియల్ ఇలాంటి చోట ఎదురు తిరుగుతుంది. పట్టులేని చక్రం ఉత్తినే తిరిగిపోతుంటే, పట్టున్న చక్రానికి చాలినంత బలం అందదు. ముగ్గుర్ని వెనక ఎక్కించి, చక్రం కింద ఎండు కొమ్మలు వేస్తే గానీ బయటపడలేదు.

ఖర్చు విషయానికొస్తే, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు హ్యాచ్‌బ్యాక్ ముందువైపు నుంచి టక్ టక్ మని శబ్దం మొదలైంది. యాక్సిల్ జాయింట్ మీది రబ్బరు బూటు చిరిగి, గ్రీజు పోయి, మట్టి చేరింది. బూటు చిరిగినప్పుడే చూసుకుని ఉంటే చిన్న ఖర్చుతో పోయేది, ఆలస్యమయ్యేసరికి జాయింటే మార్చాల్సి వచ్చింది. అందుకే ప్రతి సర్వీసులో బూట్లు చూడమని తప్పకుండా చెప్పండి. వెనక చక్రాల బండికి ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర్ల ఉండే క్రాస్ జాయింట్ల గ్రీజు, డిఫరెన్షియల్ ఆయిల్ మర్చిపోకపోతే చాలు.

నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ కొనాలా అని మా బావమరిది అడుగుతుంటాడు. తలకోన దాకా తారురోడ్డు మీద పోయిరావడానికైతే అక్కర్లేదని నా మాట. లీవరుతో వేసుకునే రకాన్ని ఎండిన తారు మీద ఫోర్ వీల్‌లో నడపకూడదు కూడా. మలుపులో ముందు, వెనక చక్రాలు సమానంగా తిరగవు, షాఫ్టులు బిగుసుకుపోతాయి. పైగా నాలుగు చక్రాలు లాగినంత మాత్రాన బ్రేకు బాగా పడదు. అందుకే తిరుమల నుంచి దిగేటప్పుడు భారమంతా బ్రేకు మీదే పడకుండా నేను రెండు బండ్లనూ రెండో గేరులోనే దింపుతాను.

ఇంట్లోకైతే ముందు చక్రాల కారే నా ఓటు. బరువులు మోసే పనుంటే వెనక చక్రాలదే. పేరు చూసి నమ్మకండి, ఇన్నోవా క్రిస్టా వెనక చక్రాలది, ఇన్నోవా హైక్రాస్ ముందు చక్రాలది. షోరూంలో అడిగి తేల్చుకున్నాకే అడ్వాన్స్ కట్టండి.