40 పేజీల నివేదికలో పనికొచ్చినవి 2 పేజీలు

మా కంపెనీ న్యాయ విభాగంలో నాకు అప్పగించిన పని, ఒక విదేశీ ప్రభుత్వంపై గెలిచిన ఆర్బిట్రేషన్ అవార్డు (కోర్టు బయట మధ్యవర్తులు ఇచ్చే తీర్పు) సొమ్మును రాబట్టడం. ఏడాది దాటినా వాళ్ళు పలకలేదు. అందుకని ప్రభుత్వాల ఆస్తుల జాడ తీసే ఒక సంస్థను కుదుర్చుకున్నాం. 5 నక్షత్రాలకు 2 ఇస్తున్నాను. రెండోది ఎందుకో చివర్లో చెబుతాను.

నివేదిక చూడటానికి ముచ్చటగా ఉంది. తెరిస్తే మొదటి ఆస్తే రాయబార కార్యాలయ భవనం! దౌత్య సంబంధాలపై 1961 వియన్నా ఒప్పందం 22వ అధికరణం ప్రకారం దాని జోలికి ఎవరూ వెళ్ళలేరు. రెండోది ఆ కార్యాలయం రోజువారీ ఖర్చుల బ్యాంకు ఖాతా. అలాంటి ఖాతా జప్తుకు చిక్కదని కొలంబియా కేసులో అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ 1984లోనే తేల్చింది. మూడోది కేంద్ర బ్యాంకు డిపాజిట్లు. జాబితా విలువలో సింహభాగం వీటిదే. విదేశీ ప్రభుత్వాలకు కోర్టుల నుంచి ఉండే రక్షణపై చేసిన అమెరికా 1976 చట్టం, బ్రిటన్ 1978 చట్టం కేంద్ర బ్యాంకుల సొమ్ముకు విడిగా రక్షణ కల్పించిన సంగతి వీళ్ళకు తెలియదా?

ఫోను చేసి అడిగాను. "కోర్టు అవార్డును గుర్తించాక జప్తు ఎంతసేపండీ?" అన్నారు వారి ప్రతినిధి. అక్కడే నాకు ఒళ్ళు మండింది. గుర్తింపు వేరు, జప్తు వేరు. విదేశీ పెట్టుబడిదారులకూ ప్రభుత్వాలకూ మధ్య వివాదాల కోసం ఉన్న ఇక్సిడ్ ఒప్పందం 54వ అధికరణం అవార్డులోని డబ్బు బాధ్యతను సొంత కోర్టు తుది తీర్పులా అమలు చేయమంటుంది. వెంటనే 55వది, జప్తు విషయంలో ప్రభుత్వాలకు ఉన్న రక్షణ అలాగే ఉంటుందని చెబుతుంది. ఈ వ్యాపారంలో ఉన్నవారు పక్కపక్కనే ఉన్న ఆ రెండింటినీ చదవరా?

నెల రోజుల్లో ఖాతాలు స్తంభింపజేయిస్తామన్న మాట కూడా ఉత్తదే. అమెరికాలో విదేశీ ప్రభుత్వం జవాబివ్వడానికే 60 రోజుల గడువుంది. బ్రిటన్‌లో నోటీసు మామూలుగా విదేశాంగ శాఖ ద్వారానే వెళ్ళాలి, అది అందాక మరో రెండు నెలలు ఆగాలి.

ఇక 31, 32 పేజీలు. ఆ ప్రభుత్వం పేరున ఉండి, ఎక్కువ భాగం అద్దెకిచ్చిన ఒక భవనం వివరాలు అందులో ఉన్నాయి. మా వకీలు అది చూసి కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. రష్యాపై 1998లో అవార్డు పొందిన ఫ్రాంజ్ సెడెల్మేయర్ ఏళ్ళ తరబడి వెంటాడి చివరికి పట్టుకున్న ఆస్తుల్లో ఇలాంటి భవనమే ఒకటి. అధికారిక అవసరాలకు పెద్దగా వాడని ఆ భవనాన్ని అమలు నుంచి తప్పించలేమని స్వీడన్ సుప్రీం కోర్టు 2011లో చెప్పింది. మాకు అద్దె ఒప్పందాల నకళ్ళు కావాలంటే, నివేదిక తయారుచేసిన పరిశోధకురాలు నాలుగు రోజుల్లో తెప్పించి పంపారు. ఒక్క కాగితంలోనూ తప్పు లేదు. ఆ రెండో నక్షత్రం ఆమెదే.

మా దరఖాస్తు ఇప్పుడు ఆ భవనం మీదే నడుస్తోంది. మిగతా 38 పేజీలకు సంజాయిషీ వచ్చేదాకా సంస్థకు ఇవ్వాల్సిన చివరి వాయిదా ఆపి ఉంచాను.