స్వయంలో ఎన్‌పీటీఎల్ కోర్సులు: ఉద్యోగం చేస్తూ చదివేవారికి ఎలా ఉన్నాయి?

నలభై దాటాక ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ యూనివర్సిటీ చదువు చదివేవారికి కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వెబ్‌సైటు స్వయం పోర్టల్‌లో, ఐఐటీల వాళ్లు చెప్పే ఎన్‌పీటీఎల్ కోర్సులు బాగా పనికొస్తాయి. చాలాకాలంగా వాడుతున్నాను, ధైర్యంగా చెప్పగలను. అయితే మధ్యలో మానేసినవాళ్లలో నేను చూసినవారు పాఠం అర్థంకాక మానలేదు. మార్కుల లెక్క, గడువుల లెక్క తెలియక మానేశారు.

12 వారాల కోర్సులో వారానికి ఒక అసైన్‌మెంట్ ఉంటుంది. వాటిలో ఎక్కువ మార్కులు వచ్చిన 8 మాత్రమే తీసుకుంటారు. 8 వారాల కోర్సైతే 6. ఆ సగటుకు 25 మార్కులు, చివరి పరీక్షకు 75. 25కి కనీసం 10, 75కి కనీసం 30 రావాలి, అదీ విడివిడిగా. అసైన్‌మెంట్లలో 25కి 25 వచ్చినా పరీక్షలో 29 దగ్గర ఆగితే సర్టిఫికెట్ రాదు.

అంటే 12 వారాల కోర్సులో నాలుగు వారాలు పోయినా నష్టం లేదు. ఇంట్లో పెళ్లి, పొలంలో నాట్లు, ఆస్పత్రి పనులు ఉండేవారికి ఇది పెద్ద వెసులుబాటు. కానీ ఆ నాలుగింటినీ మొదట్లోనే వాడేసుకోవద్దు. కోర్సులు ఏడాదికి రెండు విడతలు, జనవరిలో ఒకటి, జులైలో ఒకటి. జులై విడత చివరి వారాలు అక్టోబరులో పడతాయి. అప్పుడే దసరా, విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ఆపైన తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటాక ఆ చుట్టుపక్కల ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అందుకని మొదటి ఎనిమిది వారాలూ ఒక్కటి కూడా వదలకుండా చేసెయ్యండి. వీలుంటే జనవరి విడతే మేలు, సంక్రాంతి అయ్యాక మొదలవుతుంది.

అసైన్‌మెంట్ గడువు మామూలుగా బుధవారం రాత్రి 11:59. బుధవారం దాకా ఆగొద్దు. ఆదివారమే తెలిసినంత వరకు జవాబులు గుర్తించి సబ్మిట్ నొక్కండి. గడువులోగా ఎన్నిసార్లైనా మార్చి పంపొచ్చు, చివరిసారి పంపిందే లెక్క. మందస, మెళియాపుట్టి కొండవైపు సిగ్నల్ పోయినా ఆదివారం పంపింది అలాగే ఉంటుంది.

వారానికి సుమారు రెండున్నర గంటల వీడియో ఉంటుంది. డేటా మిగులుతుందని వీడియో నాణ్యత తగ్గించి 144పీలో పెడితే బోర్డు మీద అక్షరాల కింద రాసే చిన్న ఐ, జె ఒకేలా కనబడతాయి. లెక్కలు, స్టాటిస్టిక్స్ కోర్సుల్లో అదే కొంప ముంచుతుంది. 360పీ చాలు. యూట్యూబ్ యాప్‌లో వైఫై ఉన్నచోట ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే బస్సులో వినొచ్చు, కానీ బస్సులో విన్నది చదువు కిందకి రాదు. రాత్రి అదే పాఠం ఆపి ఆపి, కాగితం మీద రాస్తూ మళ్లీ చూడాలి. వయసు పెరిగాక విన్నది నిలవదు, రాసింది నిలుస్తుంది. కొన్ని కోర్సుల లిఖిత పాఠం తెలుగులో కూడా దొరుకుతుంది. ఇంగ్లిష్ మాట వేగం అందనివారు ముందు అది చదివి, తర్వాత వీడియో చూడండి.

కోర్సులో చేరడం ఉచితం. పరీక్షకు వేరే ఫారం నింపి 1000 రూపాయలు కట్టాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు అందులో సగం. కోర్సులో చేరితే పరీక్షకు పేరు పడిపోయినట్టే అనుకుని ఊరుకుంటే ఆ విడత పోయినట్టే. పేరు దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. కొందరికి పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరాల్లో, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లకు మరీ తంటా. సెంటర్‌కి ఏ గుర్తింపు కార్డు పట్టుకెళ్తారో అందులో ఉన్నట్టే ఫారంలో రాయండి. సర్టిఫికెట్ మీద పడేది ఆ పేరే.

డిగ్రీలో లెక్కకు వచ్చే క్రెడిట్ల సంగతి చూస్తే, యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2021 నిబంధనలు సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం కోర్సులతో నింపుకోనిస్తాయి. కానీ ఒప్పుకోవాల్సింది మీ యూనివర్సిటీ. ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ అయినా, విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ అయినా, కోర్సు మొదలవకముందే కోర్సు పేరు రాసిచ్చి డిపార్ట్‌మెంట్ సంతకం తీసుకోండి.

పరీక్ష ఇంట్లో కూర్చుని రాసేది కాదు, సెంటర్‌లో కంప్యూటర్ మీద మూడు గంటలు. ఉదయం 9కి ఒక విడత, మధ్యాహ్నం 2కి ఒకటి. ఇచ్ఛాపురం, సోంపేట లాంటి దూరపు ఊళ్ల నుంచి వచ్చేవారు ఎంచుకునే వీలుంటే మధ్యాహ్నం విడత పెట్టుకోండి.